కలిపి చెప్పిన ఏళ్ళు

ఎముకలకు కూడా వయసుంటుందని రెబెక్కమ్మకు ఆ రోజు దాకా తెలియదు. మనిషికి ఉంటుంది, గేదెకు ఉంటుంది, పెరట్లో మునగచెట్టుకు ఉంటుంది. అంతేగానీ, ఇసకలోంచి ఏరి తెచ్చిన ఎముకలను బల్లమీద పరుచుకుని, ఇది ఇన్నేళ్ళ మనిషిది సుమా అని చెప్పే డాక్టరుగారొకరు గూడూరులో ఉన్నారంటే ఎవరు మాత్రం నమ్ముతారు? విడ్డూరం కాకపోతే! కానీ ఎస్సై జయరామయ్యగారు పంపించిన కానిస్టేబులు గుమ్మంలో వచ్చి నిలబడ్డాక, నమ్మినా నమ్మకపోయినా బస్సెక్కక తప్పలేదు.

సంగతేమిటంటే, కాలవ గట్టునున్న సరుగుడు తోట నరికేశాక తోట యజమాని హజరత్తయ్య కూలీలు మొద్దులు పెకలిస్తుంటే ఇసకదిబ్బ కింద మనిషి ఎముకలు బయటపడ్డాయి. బట్టపేలిక లేదు, మొలతాడు లేదు. నక్కలు లాక్కుపోగా మిగిలినవి అవి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఈ మధ్య కాలంలో కనబడకుండా పోయిన మగమనిషి రెబెక్కమ్మ కొడుకు హెబ్రోను ఒక్కడే. కాబట్టి అందరి చూపూ ఆ ఇంటివైపే తిరిగింది. చూపులు తిరిగితే తిరిగాయి, నోళ్ళు కూడా తిరిగాయి. అదీ బాధ.

హెబ్రోను కాలవ మీద నడిచే కట్టెల పడవల్లో కూలికి పోయేవాడు. సరుగుడు కట్టెలు నింపుకుని ఆ పడవలు మద్రాసు దాకా పోతాయి. మూడేళ్ళ కిందట, అరవైఒకటి ఎండాకాలంలో, పన్నునొప్పితో చెంప వాచిపోయి, "మద్రాసు పెద్దాసుపత్రిలో చూపించుకుంటాలే అమా" అని చెప్పి, తువ్వాల తలకు చుట్టుకుని, తోటకు అడ్డంపడి రేవుకు పోయాడు. పోయినవాడు పోయినట్టే. పడవవాళ్ళు తిరిగొచ్చి, మా పడవ ఎక్కలేదే అన్నారు. అయితే ఇంకో పడవ ఎక్కి ఉంటాడని ఊరు తీర్మానించేసింది. ఆ తర్వాత మద్రాసు హార్బరులో మూటలు మోస్తుంటే చూశామని ఒకరు, కాదు అండమాను ఓడెక్కాడని మరొకరు. చూశామన్నవాళ్ళలో పలకరించినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అయినా ఆ మాటలనే పట్టుకుని అత్తాకోడళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు.

కోడలు ఎలిశబెతుది ఈ గూడూరు కాదు, తోటపల్లి గూడూరు. మొగుడు పోయిన రోజున ఆమె ఇక్కడ లేదు, తల్లికి జ్వరమంటే చూడటానికి పుట్టింటికి పోయింది. మళ్ళీ పెళ్ళి చేస్తాం రమ్మని అన్నలు ఎన్నిసార్లు వచ్చి అడిగినా, "రేపు ఆయన వచ్చి అడిగితే నేనేం చెప్పాల?" అని వాళ్ళ నోరు మూయించేది. మొగుడి పేరు ఒక్కనాడు నోట పలికిన మనిషి కాదు. ఎంతసేపూ "ఆయన" అనేదే. తనకంటే మూడేళ్ళు పెద్దవాడని అంత మర్యాద. ఆ మర్యాద చూసి రెబెక్కమ్మ లోలోపల మురిసిపోయేది.

ఆ పొద్దున బస్సులో వాళ్ళిద్దరితో పాటు సంఘం పాస్టరు సంజీవరావు అయ్యగారు కూడా ఉన్నారు. ముందు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో కునుకో ఆయనకే తెలియాలి.

"అత్తా, ఎముకల్ని చూసి వయసు యట్టా చెప్తారు?" అంది ఎలిశబెతు.

"నాకేం తెలుసు మే? నోరు మూసుకోని ప్రార్థన చేసుకో."

కసిరింది గానీ ఆమెకూ ప్రార్థన నోటికి రావడం లేదు. ప్రభువా, అది వాడు కాకూడదు అని మొదలుపెట్టేది. వాడు కాకపోతే ఇంకెవరో తల్లి కన్నబిడ్డ అవుతాడు గదా, అయితే నీకు ఫరవాలేదా అని లోపల ఇంకో గొంతు నిలదీసేది. ఫరవాలేదు, ఎవరి బిడ్డ అయినా ఫరవాలేదు, నా బిడ్డ కాకుంటే చాలు అని మొండికేసేది. అట్లా అనుకున్నందుకు మళ్ళీ భయం. చిల్లకూరు దగ్గర బస్సాగితే, దిగి ఎటైనా పారిపోదామా అనిపించింది. పారిపోతే మాత్రం ఏమవుతుంది? ఎముకలు బల్లమీదే ఉంటాయి.

ఆసుపత్రి వెనక వరండాలో పొడుగుబల్ల, దాని మీద తెల్లగుడ్డ, గుడ్డమీద ఎముకలు. రెబెక్కమ్మ అటు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎస్సైగారి టోపీనే చూస్తూ నిలబడింది.

"ఎముకల మీద దెబ్బల్లేవు. పాము కరిచిందో, జ్వరంతో పడిపోయినాడో. ఎవురూ చంపలేదు, అందాకా నిమ్మళం" అన్నారు జయరామయ్యగారు. "ఇప్పుడు తేలాల్సింది మనిషి ఎవరని. నీ కొడుకు పోయేనాటికి ఎన్నేళ్ళు?"

"ఇరవైనాలుగయ్యా."

సొంత పేరు చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది.

"ఖాయంగా?"

అయ్యగారు ముందుకొచ్చారు. "నేను సాక్షిని ఎస్సైగారూ. యాభైతొమ్మిదిలో వాళ్ళ పెళ్ళి చేసింది నేనే. అప్పటికి పిల్లోడికి ఇరవైరెండు, ఈ అమ్మాయికి పంతొమ్మిది. బాగా గుర్తు."

డాక్టరు పద్మనాభయ్యగారు సన్నటి మనిషి. కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు మీదికి జారుతూ ఉంటుంది. మాట కొంచెం దురుసు. చెయ్యి మాత్రం మెత్తన, ఒక్కొక్క ఎముకనూ నిద్రపోయే పిల్లను ఎత్తినట్టు ఎత్తుతున్నారు. ఆయన చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టి తలెత్తారు.

"ఇరవైనాలుగా? అయితే ఇది మీవాడు కాదమ్మా."

రెబెక్కమ్మకు ఆ మాట వినబడింది గానీ లోపలికి దిగలేదు.

"ఎట్లా చెప్తారు డాక్టరుగారూ?" అన్నారు ఎస్సైగారు.

"ఇందులో మాయ ఏమీ లేదండీ. ఎదిగే వయసులో ఎముకల చివర్లు విడిగా ఉంటాయి. పెద్దవుతున్నకొద్దీ ఒక్కొక్కటే వచ్చి అతుక్కుంటాయి. ఏది ముందు, ఏది వెనక అన్నదానికి ఒక వరస ఉంది. ఇదిగో, కాళ్ళవీ చేతులవీ అన్నీ అతుక్కున్నాయి. అంటే పద్దెనిమిది దాటినాడు. తుంటి ఎముక పైఅంచు చూడండి, అతుక్కుంది గానీ ఆ గీత ఇంకా మాయలేదు. ఇక ఇది భుజం ముందు అడ్డంగా ఉండే కాలర్ ఎముక. రొమ్ముకు ఆనుకునే ఈ చివర అసలు అతుక్కోవడం మొదలే పెట్టలేదు. ఇరవైనాలుగేళ్ళ వాడికి ఇది ఇట్లా ఉండదు. పంతొమ్మిది, ఇరవై. మహా అయితే ఇరవైఒకటి. ఏడాది అటూ ఇటూ కావచ్చు గానీ, నాలుగేళ్ళ తేడా రమ్మన్నా రాదు."

"అంటే... ఆయన కాదా?" అని ఎలిశబెతు అరిచింది. "అత్తా, ఆయన కాదంట! కాదంట అత్తా!" అంటూ అత్తను పట్టుకుని ఊపేసి, ఏడుపో నవ్వో తెలియకుండా నోట్లో కొంగు కుక్కుకుని మెట్లమీదికి పరిగెత్తింది. అయ్యగారు "స్తోత్రం ప్రభువా" అంటూ ఆమె వెనకాలే పోయారు.

రెబెక్కమ్మ స్తంభం పట్టుకుని అక్కడే చతికిలబడింది. అమ్మయ్య! ప్రాణం లేచొచ్చినట్టయింది. వాడు కాదు. హార్బరులో మూటలు మోస్తున్నాడో, అండమానులో చెట్లు కొడుతున్నాడో, ఎక్కడో ఒక చోట బతికే ఉన్నాడు. దొంగ సచ్చినోడు, రానీ, రెండు చెంపలూ వాయించి మరీ అన్నం పెడతాను అనుకుంది. ఆ నిమిషంలో ఆమెంత సుఖపడినవాళ్ళు ఆ జిల్లాలో ఇంకొకరు లేరు.

డాక్టరుగారు అప్పుడే దవడ ఎముక తీసి ఎస్సైగారికి చూపిస్తున్నారు.

"పళ్ళు కూడా అదే చెప్తున్నాయి. అన్నిటికంటే వెనకాల ఆఖరికి వచ్చే జ్ఞానదంతం ఉంది చూడండి, ఎడమవైపు కింద. సగమే బయటికి వచ్చింది. అదీ వంకరగా. ఇరవై ఏళ్ళ ప్రాయంలో మొలిచే పన్ను ఇది. పాపం, చెంప వాచి బాగా బాధపడి ఉంటాడు."

రెబెక్కమ్మ తలెత్తింది.

మూడేళ్ళ కిందట, వాడు పోయిన రోజు పొద్దున, వాకిట్లో వెలుగులోకి తీసుకొచ్చి, కొడుకు నోరు తెరిపించి చూసింది ఆమే. ఎడమవైపు, కింద, అన్నిటికంటే వెనకాల, చిగురు చీల్చుకుని తెల్లగా ఒక మొన. లవంగం నూరి వేలితో అద్దింది. "ఇరవైనాలుగేళ్ళొచ్చినాక మొలస్తా ఉండాదిరా నీకు జ్ఞానం" అని ఎగతాళి చేసింది కూడా. వాడు నవ్వబోయి, నొప్పికి చెంప పట్టుకున్నాడు.

పన్నునొప్పి ఎవరికి రాదు? అని ఆమె తనతో తనే వాదించుకుంది. దేశంలో అందరికీ వస్తుంది. ఎడమవైపే వస్తుంది, కిందే వస్తుంది. అయినా నా బిడ్డకు ఇరవైనాలుగు. డాక్టరుగారే చెప్పారు గదా, నాలుగేళ్ళ తేడా రమ్మన్నా రాదని. నాలుగేళ్ళు. అవును, నాలుగేళ్ళే అన్నారు.

అక్కడ ఆగిపోయింది.

ఈ ఊరికి రాకముందు రెబెక్కమ్మ కాపురం కృష్ణపట్నం ఉప్పుమళ్ళ దగ్గర. అక్కడ ఆమెకు తొలిచూలు మగబిడ్డ పుట్టాడు. పేరు హెబ్రోను. నాలుగో ఏడు నిండబోతుండగా మశూచి వచ్చి పోయాడు. ఇసకలో గుంట తీసి పెట్టారు, గుర్తుకు ఒక రాయి కూడా లేదు. మరుసటేడు మళ్ళీ మగబిడ్డే. అత్త పేరమ్మ మంత్రసాని చేతిలోంచి బిడ్డను అందుకుని, మొహం చూసి, గట్టిగా చెప్పేసింది. "పోయినోడే తిరిగొచ్చినాడు. వాడి పేరే పెట్టండి. వాడి ఏళ్ళు కూడా వీడికే కలపండి. మళ్ళీ ఒకటి కాడ్నించి మొదలుబెడితే ఆ నాలుగో ఏడు మళ్ళీ వస్తాది. వీడు దాన్ని దాటలేడు. నాలుగు నిండినాయని చెప్పండి, అయిదు కాడ్నించి లెక్కబెట్టండి."

అట్లా ఈ హెబ్రోనుకు పుట్టిన రోజుకే నాలుగేళ్ళు. పాలు తాగే పిల్లవాడికి అయిదేళ్ళంటే మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. పేరమ్మ పోయింది, మొగుడూ పోయాడు. పిల్లవాణ్ణి చంకనేసుకుని ఈ ఊరొచ్చిన రెబెక్కమ్మ, ఎవరు అడిగినా ఆ కలిపిన లెక్కే చెప్పింది. వయసుకు తగ్గ ఎదుగుదల లేదని అమ్మలక్కలు దెప్పేవాళ్ళు. తోటివాళ్ళకు మీసాలొచ్చినా వీడికి నూగు రాలేదని కుర్రాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. అబద్ధం చెబుతున్నానని ఆమె ఏనాడూ అనుకోలేదు. చెప్పగా చెప్పగా అదే నిజమై కూర్చుంది. అసలు లెక్క తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇక ఎవరూ లేరు, ఆమె తప్ప.

ఇరవైనాలుగులోంచి నాలుగు తీసేస్తే ఎంతో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

"లేమ్మా, ఇంకేం భయంలేదు. ఇంటికి పో" అన్నారు ఎస్సైగారు.

ఆమె లేచింది. నోరు తెరిస్తే ఏం బయటపడుతుందోనని పళ్ళు బిగబట్టుకుని మెట్లు దిగింది. నేనెందుకు చెప్పాలి, చదువుకున్న డాక్టరుగారే కాదన్నాక కాదనడమే న్యాయం గదా అని అడుగడుగుకూ తనకు తనే చెప్పుకుంది.

బస్టాండు పక్కన హోటల్లో ఎలిశబెతు ఆవురావురుమంటూ ఇడ్లీలు తింది. ఈ మూడేళ్ళలో ఆ పిల్ల అట్లా తినగా రెబెక్కమ్మ చూడలేదు. తింటూనే ఒకటే మాటలు. "ఇంటికి సున్నం కొట్టాల అత్తా. ఆయన వచ్చేసరికి ఇల్లు అట్టా ఉంటే ఏం బాగుంటాది? వానలు పడకముందే తాటాకు కూడా మార్పించాల. తిను అత్తా, ఏంది అట్టా చూస్తా ఉండావు?" అని తన ఆకులోంచి ఒక ఇడ్లీ తీసి అత్త ఆకులో వేసింది.

రెబెక్కమ్మ ఆ ఇడ్లీని తుంచి ఆకులోనే వదిలేసింది. ఊరుకుంటే ఏమవుతుంది? ఈ పిల్ల ఇట్లాగే సున్నం కొడుతుంది, తాటాకు మారుస్తుంది, వాకిట్లోకి చూస్తూ ముసలిదవుతుంది. చెబితే ఏమవుతుంది? ఆ నవ్వు ఇప్పుడే, ఇక్కడే, ఇడ్లీ ముందరే చచ్చిపోతుంది. ఏది చేసినా గొంతు కోసినట్టే.

"ఆ ఎముకల్ని ఏం చేస్తారయ్యగారూ?" అని ఎదురుగా కూర్చున్న పాస్టరును అడిగింది ఉన్నట్టుండి.

"దిక్కులేని శవమని రాసుకోని ఆసుపత్రివాళ్ళే పూడ్పిస్తారు. పాపం, ఎవరి బిడ్డో."

ఎలిశబెతు తినడం ఆపింది. "ఇరవై ఏళ్ళోడంట గదా. వాళ్ళమ్మకు తెలీదు గదా అత్తా? యాడ కూర్చోని దారి చూస్తా ఉండాదో, ఆ తల్లి."

రెబెక్కమ్మ చెయ్యి కడుక్కోకుండానే లేచింది. "అత్తా, యాడికి? బస్సొచ్చే వేళ!" అని కోడలు వెనకాల కేకేస్తూనే ఉంది. ఆమె వెనక్కి తిరగలేదు. ఆ ఎండలో, కాళ్ళు కాలుతుంటే, ఆసుపత్రి దాకా దాదాపు పరిగెత్తింది. పూడ్చేసి ఉంటారేమో, ఆలస్యం చేశానేమో, ఒక బిడ్డ అట్లాగే గుర్తు లేకుండా పోయాడు, రెండోవాడు కూడా అట్లాగే పోతాడేమో అని దారి పొడుగునా ఒకటే గుబులు.

ఇంకా పూడ్చలేదు. వరండాలో శవాలు పూడ్చే తోటీ ఒకడు తెల్లగుడ్డ నాలుగు కొసలూ కలిపి మూట కడుతున్నాడు. డాక్టరుగారు పక్కనే కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు.

"ఏమ్మా, మళ్ళీ వచ్చినావు?"

"ముడి వెయ్యొద్దని చెప్పండయ్యా." ఊపిరి అందక స్తంభం పట్టుకుంది. "నా బిడ్డకి ఇరవై."

"ఇందాక ఇరవైనాలుగు అన్నావే?"

"అందులో నాలుగు వాడివి కాదయ్యా. వాళ్ళన్నవి."

ఆయనకు అర్థం కాలేదు. ఎట్లా అవుతుంది? రెబెక్కమ్మ చెప్పింది. కృష్ణపట్నం, మశూచి, అత్త మాట, నాలుగో ఏడు. తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి చెప్పింది. "నాలుగో ఏడు దాటిస్తే చాలనుకున్నామయ్యా. ఇరవయ్యో ఏడు ఇట్టా కాచుకోని ఉంటాదని మాకేం తెలుసు? ఎడంపక్క కింద ఆ పన్ను... పొయ్యేరోజు పొద్దున నేనే లవంగం నూరి పెట్టినా."

డాక్టరుగారు దురుసు మనిషి గదా, తిడతారేమోనని ఆమె తల వంచుకునే ఉంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, తోటీ చేతిలోంచి మూట అందుకుని, తనే విప్పారు.

"చూస్తావా అమ్మా?" అన్నారు మెల్లగా.

పొద్దుటి నుంచీ చూడనిది, అప్పుడు చూసింది. దవడ మీద వేలు పెట్టి, వెనక్కి జరుపుకుంటూ పోయి, సగం మొలిచిన ఆ పన్ను దగ్గర ఆపింది. "నొప్పి తగ్గిందా నాయనా?" అంది. ఆ తర్వాత ఇక ఆగలేదు, బల్లమీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి తలెత్తేసరికి మెట్ల దగ్గర ఎలిశబెతు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. మొహం చూస్తే మొత్తం విన్నట్టే ఉంది. తిట్టినా కొట్టినా పడాలి అనుకుంది రెబెక్కమ్మ. దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు.

ఎలిశబెతు అరవలేదు. పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టుగా.

"అయితే పెళ్ళినాటికి పద్దెనిమిదా అత్తా?"

"ఊఁ."

"నాకు పంతొమ్మిది."

రెబెక్కమ్మ బల్ల పక్కకు జరిగి దారిచ్చింది.

"నాకంటే చిన్నోడా? చిన్నోడికా నేను అట్టా బయపడింది? అన్నం పెట్టి ఎదర కూర్చోకుండా తలుపెనక నిలబడింది?"

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. గుడ్డ అంచు సరిచేసింది, చలేస్తుందేమో అన్నట్టు ఇంకాస్త పైకి లాగింది. వంగి, ఎన్నడూ నోట పలకని ఆ పేరును, ఇంట్లో తమ్ముణ్ణి నిద్రలేపినట్టు మెల్లగా పిలిచింది.

"హెబ్రోనూ... లెయ్ అబ్బయా, ఇంటికి పోదాం."